గోతిలో పడుకున్న గూఢచారి

రేంజర్ పెట్రో కికోటిని పాము కరిచి చంపిందని రిపోర్టు వచ్చింది.

రెహెమా మేడమ్ ఆ రిపోర్టును టేబుల్ మీదికి విసిరేసింది. దార్ ఎస్ సలామ్ రేవు వైపు తెరిచిన కిటికీలోంచి ఉప్పుగాలి కొడుతోంది. వన్యప్రాణుల నిఘా విభాగానికి ఆవిడే చీఫ్. కోపం వచ్చినప్పుడు గొంతు ఇంకా తగ్గుతుంది.

"ఫోటో చూడు," అంది, దాదాపు గుసగుసగా.

ఏజెంట్ ఫెస్తో గామా చూశాడు. చీలమండ మీద రెండు గాట్లు.

"రెండూ ఒకే లోతు, ఒకే వాటం. పాము అంత శ్రద్ధగా కరవదు. సిరంజి అది."

ఫెస్తో ఫోటో తిప్పి బోర్లా పెట్టాడు. పెట్రో కాలు అతనికి బాగా తెలుసు. ట్రైనింగ్ స్కూల్లో ఆ కాలితో తన్నులు తిన్నవాడే.

"రువాహా పార్కులో రాబందులు చస్తున్నాయి," అంది మేడమ్. "విషం పెట్టిన మాంసం. పెట్రో మనకి పంపిన ఆఖరి మెసేజ్ ఇదీ."

కాగితం మీద ఒక్కటే వాక్యం. *ఆకాశం ఖాళీ అవుతోంది.*

ఫెస్తోకి వివరణ అక్కర్లేదు. ఏనుగుని చంపితే పైన రాబందులు తిరుగుతాయి. వాటిని చూసి రేంజర్లు పరిగెత్తుతారు. వేటగాళ్ళకి ముందు ఆ వైర్‌లెస్ తెగ్గొట్టాలి. రాబందుల్ని చంపారంటే ఏనుగులకి ముహూర్తం పెట్టేశారన్నమాట.

"ఇంకోటి. ఏనుగుల మెడకి కట్టిన రేడియో కాలర్ల డేటా బయటికి పోయింది. పెట్రో పాస్‌వర్డ్‌తోనే. పైవాళ్ళు ఏమంటున్నారో తెలుసా? వాడే అమ్ముకున్నాడు, ముఠా పని అయ్యాక వాణ్ణి తీసేసిందని. రేపు ఖననం. అప్పటికి వేరే సాక్ష్యం దొరక్కపోతే శవపేటిక మీద జెండా వెయ్యరు."

"పెట్రో అమ్ముకోడు మేడమ్."

"నాకు నమ్మకాలు వద్దు, వస్తువు కావాలి. ముఠా వెనక ఉన్నది డెల్మర్ అనే విదేశీయుడు. పార్కు అంచున టూరిస్టు క్యాంపు నడుపుతున్నాడు. వాడి దగ్గర మన మనిషి ఒకావిడ ఉంది. సలోమే. సినిమాలు తీస్తుంది. మీ ఎంగోనీ తెగ పిల్లే, సోంగెయా వైపు. కోడ్ గుర్తుంచుకో. నువ్వు, 'వెదురు కల్లు పులిసిందా?' ఆవిడ, 'నిన్నటి వానకి పలచబడింది.'"

అక్టోబరులో రువాహాలో చుక్క వాన పడదు. అందుకే అది కోడ్.

"నీ కవర్?"

"నేనే మేడమ్. పెట్రో హెహెవాడు, నేను ఎంగోనీవాణ్ణి. వాడి చావుకి నేను వెళ్ళకపోతేనే అనుమానం."

* * *

ఒకప్పుడు హెహెలు, ఎంగోనీలు ఒకరినొకరు నరుక్కున్నారు. చంపీ చచ్చీ అలిసిపోయాక రాజీ పడ్డారు. ఆ పగ ఎకసెక్కంగా మారి ఈనాటికీ మిగిలింది. దాన్ని ఉతాని అంటారు. బావమరుదుల వరస అనుకోండి. కాకపోతే తెగకి తెగే బావ. తిట్టొచ్చు, దొంగిలించొచ్చు, శవం ముందు చిందులెయ్యొచ్చు. ఎవరికీ కోపం రాకూడదు.

ఫెస్తోకి డిపార్టుమెంటు ఇచ్చిన గాడ్జెట్లు చాలా ఉన్నాయి. గుండీలో కెమెరా, బూటు మడమలో ట్రాన్స్‌మిటర్. ఈసారి అవేవీ తేలేదు. నెత్తిన న్యాసా సరస్సు ఎండుచేపల బుట్ట, దాని అడుగున పిస్టల్. ఆ వాసనకి చెక్‌పోస్టు పోలీసు దూరం నుంచే చెయ్యూపి పంపేశాడు.

ఊరు పార్కు గేటుకి ఇవతల ఉంది. షామియానా కింద మగవాళ్ళు బల్లల మీద, ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. ఆకుపచ్చ యూనిఫాంలో రేంజర్లంతా వచ్చేశారు. గాలి ఒకచోట నిలవడం లేదు. దుమ్ము లేపుతోంది, పడేస్తోంది, మళ్ళీ లేపుతోంది. ఫెస్తో తలెత్తి చూశాడు. నీలంగా, శుభ్రంగా, కడిగిన కంచంలా ఉంది ఆకాశం. ఒక్క రెక్క లేదు.

అయినా వచ్చిన పని మొదలుపెట్టాడు.

"ఏమర్రా! కుక్క కూర వాసన రావట్లేదేంటి? ఇంత పెద్ద హెహెవాడు చస్తే ఒక్క కుక్కనైనా కొయ్యలేదా, పిసినారి ముండాకొడుకుల్లారా!"

హెహెలు కుక్కల్ని తింటారన్నది ఎంగోనీల పాత ఎకసెక్కం. ఏడుపుల మధ్యలోంచి నవ్వు పుట్టింది. చాప మీదినుంచి ఒక ముసలామె చేతికర్ర ఎత్తింది. పెట్రో మేనత్త, బోసినోరు.

"వచ్చాడమ్మా పశువుల దొంగ! గొడ్లని లోపల కట్టెయ్యండి!"

"గొడ్లెందుకు పెద్దమ్మా, నిన్నే ఎత్తుకుపోతా."

"ఎత్తరా చూద్దాం. నీ నడుం విరిగితే మీ ఎంగోనీలకి ఒక తిండిపోతు తగ్గుతాడు!"

పెట్రో భార్య వుమిలియా తలమీద గుడ్డ వెనక్కి జరిపి చూసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. ఫెస్తోని చూడగానే పెదవి చివర కాస్త వణికింది. అది ఏడుపు వణుకు కాదు.

"ఆలస్యంగా వచ్చావేం మరిదీ?"

"దారిలో మీ వాళ్ళ ఇళ్ళు దోచుకుంటూ వచ్చాను వదినా. ఏమీ దొరకలేదు, అందుకే ఇంత ఆలస్యం."

షామియానా చివర నల్ల గౌను, నల్ల కళ్ళద్దాలతో ఒకావిడ నిలబడి ఉంది. అంత దుమ్ములోనూ ఆవిడ మీద దుమ్ము లేదు. మగవాళ్ళు చూడనట్టు చూస్తున్నారు. ఫెస్తో బుట్ట సర్దుకుంటూ పక్కకి చేరాడు.

"వెదురు కల్లు పులిసిందా?"

"నిన్నటి వానకి పలచబడింది," అంది సలోమే, పెదాలు కదలకుండా. "డెల్మర్ మనుషులు రేపు ఉత్తరం వైపు నుంచి వస్తారు. తుపాకులతో. ఖననం కాగానే మీ రేంజర్లని అటు పంపించండి."

"ఏనుగుల నీళ్ళు దక్షిణాన కదా? కిగంగా మడుగు."

"అందుకే ఎవరూ అనుకోరు."

"పెట్రో సంగతి?"

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అందమైన కళ్ళే. "అమ్ముకున్నాడు. కాలర్ల డేటా, వాటి సిగ్నల్ పట్టే రిసీవర్, అన్నీ డెల్మర్ చేతికిచ్చాడు. నా కళ్ళతో చూశాను. పాపం, ఆ భార్యకి చెప్పకండి."

కోడ్ సరిగ్గా చెప్పింది. కబురు సూటిగా ఉంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయినా ఫెస్తోకి కాలు నిలవడం లేదు. మళ్ళీ ఆకాశం చూశాడు, మళ్ళీ రేంజర్లని చూశాడు. పార్కులో కాపలా ఉండాల్సినవాళ్ళంతా ఇక్కడే, తలలు వంచుకుని.

అంతలో శవపేటిక లేచింది. దాని మీద జెండా లేదు.

* * *

ఏ చెట్టు కింద పేకాడుతుండగానో గాని, ఫెస్తో, పెట్రో ఎప్పుడో ఒట్టేసుకున్నారు. ఎవరు ముందు పోతే వాళ్ళ గోతిలో రెండోవాడు పడుకోవాలి.

పేటిక గోతి దగ్గరికి రాగానే ఫెస్తో అందులోకి దూకి వెల్లకిలా పడుకున్నాడు.

"ఇది నా గది! వెదురు కల్లు కుండ తెస్తేగాని ఖాళీ చెయ్యను. బావా, నువ్వు బయటే పడుకో, నీకు అలవాటేగా, మీ ఆవిడ తలుపు తియ్యని రోజుల నుంచీ!"

రేంజర్లు నవ్వు ఆపుకోలేక టోపీలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. వుమిలియా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఉతాని ఉన్నదే అందుకు. వీపు కింద మట్టి చల్లగా ఉంది. పైన పలకంత ఆకాశం, బోసిగా. పెట్రో ఇక ఎప్పటికీ చూసేది ఇదే. ఏడవకూడదు, వరస ఒప్పుకోదు. ఫెస్తో పళ్ళు బిగబట్టి ఇంకా గట్టిగా అరిచాడు. "కల్లేదిరా, కుక్కతిళ్ళూ!"

అప్పుడు గోతి అంచున సలోమే మోకాళ్ళ మీద కూలబడింది. చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి.

"అయ్యో, ఏం పని ఇది? లేవండి! చనిపోయినవాడికి కాస్తయినా గౌరవం ఇవ్వండి!" వుమిలియా వైపు తిరిగి చేతులు జోడించింది. "అమ్మా, తాగి ఉన్నట్టున్నాడు. మా ఎంగోనీల తరఫున నేను క్షమాపణ చెప్పుకుంటున్నాను."

నవ్వులు ఆగిపోయాయి. ఏడుపులూ ఆగిపోయాయి.

"ఎవరి తరఫున?" అంది వుమిలియా.

"మా... మా వాళ్ళ తరఫున."

పెట్రో మేనత్త కర్ర ఊతంగా లేచి నిలబడింది. "నాకు చెవుడా, లోకానికి పిచ్చా? ఎంగోనీ ఆడది హెహెవాడి గోతి ముందు ఏడవడమా! పైగా క్షమాపణా! ఒసేయ్, మా అమ్మ చచ్చినప్పుడు మీవాళ్ళు పొయ్యి మీది కుండతో సహా ఎత్తుకుపోయారు. ఇవాళ్టిదాకా ఒక్కడు సారీ అనలేదే!"

గోతిలో ఫెస్తోకి బుర్రలో దీపం వెలిగింది. ఆవిడ సోంగెయా యాస నేర్చుకుంది. పాటలు, తిండి, తాతల పేర్లు అన్నీ వల్లించింది. ఉతాని గురించి కూడా ఎక్కడో చదివే ఉంటుంది. కానీ గోతిలో కూడా నవ్విస్తారని ఏ ఫైల్లోనూ రాసి ఉండదు. మర్యాద తెలిసిన మనిషి కాబట్టి దొరికిపోయింది.

ఒక్క ఊపున పైకొచ్చి ఆవిడ భుజాన ఉన్న సంచీ లాక్కున్నాడు.

"కల్లు లేకపోతే ఇదైనా నా వాటా!"

"ఇవ్వు!" ఆవిడ చెయ్యి చెళ్ళుమంది అతని చెంప మీద. అది ఎకసెక్కపు దెబ్బ కాదు. ఒడుపు తెలిసిన దెబ్బ. సంచీ తెగి వస్తువులు మట్టిలో పడ్డాయి. లిప్‌స్టిక్, శాటిలైట్ ఫోన్, అరచేతిలో పట్టేంత పిస్టల్, ఒక పాత రిసీవర్.

రిసీవర్ టిక్కు టిక్కుమంటోంది.

ఫెస్తో దాన్ని తిప్పి చూశాడు. వెనక మేకుతో గీకిన అక్షరాలు. *ఎంగోనీవాడు ముట్టరాదు.* పెట్రో రాత. తను అడిగినప్పుడల్లా ఇవ్వకుండా ఏడిపించిన రిసీవర్ అది.

వుమిలియా వచ్చి ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. "ఆయన పోయిన రోజు నుంచీ వెతుకుతున్నాను. తలగడ కింద పెట్టుకుని పడుకునేవాడు." తల తిప్పి సలోమేని చూసింది. "అడవిలో ఆయన పడుకునే గుడారంలోకి ఎందుకెళ్ళావే?"

"డెల్మర్ చేతికిచ్చాడని కదా చెప్పావు నాకు?" అన్నాడు ఫెస్తో. "మరి నీ సంచీలో కూసిందేం?"

సలోమే లేచి మోకాళ్ళ దుమ్ము దులుపుకుంది. కన్నీళ్ళు ఎక్కడివక్కడే ఆగిపోయాయి, కుళాయి కట్టేసినట్టు. మేడమ్ రెహెమా జీతం ఒక చేత్తో, డెల్మర్ జీతం ఇంకో చేత్తో తీసుకుంటున్న మనిషి. ఏ చేతికీ వణుకు లేదు.

"ఆలస్యమైపోయింది బావా," అంది, ఒక హెహె రేంజర్ వైపు తిరిగి.

"ఇప్పుడొచ్చింది నోటికి, బావా అని!" అంది మేనత్త.

రిసీవర్ టిక్కులు దగ్గర దగ్గరగా పడుతున్నాయి. మందకి పెద్ద అయిన ఆడ ఏనుగు కాలర్ సిగ్నల్ అది. పెట్రో దానికి అవ్వ అని పేరు పెట్టాడు. అవ్వ ఎటు నడిస్తే మంద అటే. టిక్కు దక్షిణం వైపు తిప్పితే గట్టిగా, ఉత్తరం తిప్పితే సన్నగా ఉంది.

"కిగంగా," అన్నాడు ఫెస్తో. "ఆ మడుగు దగ్గర ఇవాళ ఎవరున్నారు?"

రేంజర్ల సార్జెంట్ మ్గిమ్వా నుదురు తుడుచుకున్నాడు. "ఎవరూ లేరన్నా. అందరం ఇక్కడే. డెల్మర్ క్యాంపు నుంచి నీళ్ళ ట్యాంకర్ మాత్రం వెళ్ళింది. మడుగు ఎండిపోతోంది, పుణ్యానికి నీళ్ళు పోస్తామన్నారు, సరే అన్..."

ఇప్పుడు అంతా అర్థమైంది. ముందే విషం కలిపితే చిన్న జంతువులు చచ్చి వాసన వస్తుంది. మంద వచ్చే సమయానికే వాల్వు తిప్పాలి. ఆ సమయం చెప్పడానికి రిసీవర్. పార్కు ఖాళీ చెయ్యడానికి ఒక చావు. పెట్రోని ఒక్క దెబ్బకి రెండు పనులకి వాడుకున్నారు.

"నా ఫోన్ రాకపోయినా వాడు తిప్పేస్తాడు," అంది సలోమే. "నేనంత తెలివితక్కువదాన్ని కాదు."

"కాదులే తల్లీ," అంది మేనత్త, ఆవిడ మెడ చుట్టూ కర్ర వంకీ తగిలిస్తూ. "ఏడుపొకటే ఎక్కువైంది."

చాపల మీది ఆడవాళ్ళంతా లేచి సలోమేని మధ్యలో కూర్చోబెట్టి చుట్టూ కూర్చున్నారు. ఆ వలయం దాటిన మగాడు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

"జీపు తియ్యండి!" ఫెస్తో పరిగెత్తాడు. "మనం చేరేలోపు మంద నీళ్ళలో ఉంటుంది. దాన్ని వెనక్కి తిప్పడం ఎలా? తుపాకీ పేలిస్తే చెదిరి, ముందుకే దూకుతుంది!"

"తేనెటీగలు," అంది వుమిలియా. "ఆయన డ్రోన్ ఇంట్లోనే ఉంది. మొక్కజొన్న మీదికి ఏనుగులొస్తే దానితోనే తోలేదాన్ని. ఏనుగులకి తేనెటీగలంటే హడలు, అందుకే స్పీకర్లో వాటి రొద పెట్టాడు."

"వదినా, ఖననం కాకుండా నువ్వు ఊరు దాటకూడదు కదా?"

"నా మొగుడి పేరు కూడా ఆ గోతిలో ఉంది మరిదీ. ముందు దాన్ని పైకి తియ్యాలి."

* * *

ఇసుక నది ఒడ్డున జీపు ఆగేసరికి ట్యాంకర్ గొట్టంలోంచి నీళ్ళు పడుతూనే ఉన్నాయి. అవతలి గట్టు దిగి మంద వస్తోంది. దాహంతో ఉన్న ఏనుగు నడవదు, జారినట్టు వస్తుంది. ముందు అవ్వ, మెడకి కాలర్, ఎండిన చర్మం మీద తెల్లటి దుమ్ము. వెనక పిల్లలు.

రిసీవర్ టిక్కులు కలిసిపోయి ఒకటే కూత అయింది.

వుమిలియా చేతుల్లోంచి డ్రోన్ లేచింది. గాలి దాన్ని పక్కకి కొట్టింది. సరిచేసింది. మళ్ళీ కొట్టింది.

"బ్యాటరీ ఎర్రగా వెలుగుతోంది వదినా!"

"నోరుముయ్యి మరిదీ!"

నీటి మీదికి చేరగానే స్పీకర్ మోగింది. రేగిన తుట్టె రొద. అవ్వ తొండం సగంలో ఆగింది. చెవులు విప్పింది. తల ఒక్కసారి విదిలించి, కడుపులోంచి నేల అదిరేలా గుర్రుమంది. మంద మొత్తం గిరుక్కున వెనక్కి తిరిగింది.

ఒక్క పిల్ల తప్ప. దానికి తేనెటీగలంటే ఇంకా తెలియదు. నీళ్ళంటే తెలుసు. తొండం ముంచింది. ఏనుగు పిల్ల నీళ్ళు ముందు తొండంలోకి పీల్చుకుంటుంది, తర్వాతే నోట్లో పోసుకుంటుంది. ఆ రెంటి మధ్య ఉన్న వ్యవధే మిగిలింది.

వుమిలియా డ్రోన్‌ని నేరుగా దాని నెత్తి మీదికి దింపింది. పిల్ల కీచుమని తొండం విదిలించింది. నీళ్ళు జల్లులా ఎగిరి ఇసుకలో పడ్డాయి. అవ్వ వెనక్కి వచ్చి దాని తోక పట్టి లాగింది. అదే క్షణంలో డ్రోన్ మూగబోయి మడుగులో పడిపోయింది.

మంద నది ఎగువకి నడిచి వంపు దగ్గర ఆగింది. అవ్వ ముందుకాలితో ఇసుక తవ్వడం మొదలుపెట్టింది. లోపల తడి ఉంటుందని దానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ట్యాంకర్ వెనక నుంచి డెల్మర్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మంచి టోపీ, మంచి నవ్వు.

"ఏమిటీ హడావిడి ఆఫీసర్? నీళ్ళు దానం చేస్తున్నాను."

ఫెస్తో గొట్టం కింద మగ్గు పెట్టి నింపి అతనికి అందించాడు. "పుణ్యాత్ముడివి. ఎండలో అలిసిపోయావు. ముందు నువ్వు తాగు."

డెల్మర్ మగ్గు వైపు చూశాడు. రేంజర్ల వైపు చూశాడు. నవ్వు కొద్దికొద్దిగా జారిపోయింది. సార్జెంట్ మ్గిమ్వా బేడీలు తీశాడు.

"దాహం లేదంటున్నాడు, రాసుకోండి," అన్నాడు ఫెస్తో.

మడుగు చుట్టూ ముళ్ళకంప వెయ్యడానికి కొందరు ఉండిపోయారు.

* * *

పొద్దు వాలుతుండగా గోతి దగ్గరికి తిరిగొచ్చారు. పేటిక పక్కనే ఊరు ఊరంతా కదలకుండా కూర్చుని ఉంది. దాని మీద ఇప్పుడు జెండా ఉంది. మ్గిమ్వా తన చేతులతో అంచులు సర్దాడు.

ఫోన్ మోగింది.

"సలోమే అంతా కక్కేసింది," అంది మేడమ్ రెహెమా. "పాస్‌వర్డ్ కొట్టేసింది కూడా అదే. మా పోలీసులు ఇంటరాగేట్ చేసేలోపే ఎవరో ముసలామె చేసేసిందట. అన్నట్టు, ఆ రిసీవర్ ఏదీ? ఎగ్జిబిట్‌గా పెట్టాలి."

"గొడవలో పోయింది మేడమ్. ఫోటోలున్నాయి, సార్జెంట్ సాక్ష్యం ఉంది."

"పోవడమేంటి?"

"ఇక్కడ దొంగలెక్కువ మేడమ్."

పేటిక దిగింది. మొదటి పిడికెడు మట్టి వుమిలియా వేసింది. రెండోది ఫెస్తో వెయ్యాలి. తిట్టు సిద్ధంగానే పెట్టుకున్నాడు, మంచి తిట్టు, పొద్దున్నుంచి దాచింది. నోరు తెరిస్తే అది రాలేదు. వేళ్ళ మధ్య నుంచి మట్టి జారిపోతోంది. కళ్ళు మసకబారాయి.

మేనత్త కర్ర నేలకేసి కొట్టింది.

"ఏయ్! ఎంగోనీవాడు ఏడుస్తున్నాడర్రా! వీడూ నకిలీయే! వీడి బుట్ట కూడా వెతకండి!"

ఊరంతా గొల్లున నవ్వింది. ఫెస్తో బుట్ట మీద పడబోయాడు. అప్పటికే వుమిలియా చెయ్యి ఎండుచేపల కింద ఉంది. ఆ చేతికి గట్టిగా ఏదో తగిలింది. చేపలు కొంచెం జరిపి చూసింది. మేకుతో గీకిన అక్షరాలు.

*ఎంగోనీవాడు ముట్టరాదు.*

ఆవిడ ఒక్క క్షణం దాన్నే చూసింది. మళ్ళీ చేపలు కప్పేసి, చేతులు దులుపుకుంది.

"అసలువాడే పెద్దమ్మా," అంది. "దొంగే."